బాపు చెవికి తాళం

మా బాపు దేన్నయినా ముందు కొట్టి చూస్తాడు. పుచ్చకాయంటే సరే, అందరూ కొట్టి చూస్తారు. ఆయన గడపల్ని, గ్యాస్ సిలిండర్లని, బస్సు కిటికీ పక్క రేకుల్ని కూడా వేలి కణుపుతో టక్కున కొట్టి, తల పక్కకు వంచి ఒక్క క్షణం ఆగుతాడు. నాకు మొదటి సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళ కొత్త ఇంటి గోడను కొట్టి, "లోపట డొల్ల ఉన్నది" అని చాయ్ తాగకుండానే లేచి వచ్చాడు. ఆ ఇల్లు ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. పెళ్ళి కాకుండా నేనూ నిక్షేపంగానే ఉన్నాను.

ఆయన పేరు ఓదెలు. ముప్పై నాలుగేళ్ళు బొగ్గుబాయిలో పనిచేశాడు. మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ, గనిని బాయి అంటారు. భూమి లోపల బొగ్గు తవ్వేసిన చోట నెత్తిమీద రాతికప్పు మిగులుతుంది. అది ఎప్పుడు కూలుతుందో తెలియదు కాబట్టి, పని మొదలయ్యేముందు ఒకరు ఇనుపరాడ్డుతో కప్పును కొట్టుకుంటూ వెళ్ళాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఈ రెంటికీ మధ్య పలికే కప్పులతోనే చిక్కు. వాటిని విని చెప్పగలిగినవాళ్ళు బాయి మొత్తానికి ఒకరో ఇద్దరో ఉంటారు. బాపు చెప్పేవి రెండే మాటలు. "ఉంటది" అంటే అందరూ లోపలికి. "వస్తది" అంటే అందరూ వెనక్కి. ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఉంటదన్న కప్పు ఒక్కటీ కూలలేదు.

అలాంటి చెవులు రిటైరవడానికి రెండేళ్ళ ముందునుంచి పోవడం మొదలుపెట్టాయి. బొగ్గు పేల్చే మోతలు అన్నేళ్ళు విన్న చెవులు అవి. ముందు పక్షుల కూతలు పోయాయి, తర్వాత మా అవ్వ తిట్లు పోయాయి. రెండోదాని గురించి ఆయన పెద్దగా బాధపడలేదు. కానీ ఒక ఆదివారం నాతో అన్నాడు, "బిడ్డా, కప్పు సప్పుడు గూడ సగమే ఇనవడ్తాంది."

అప్పుడు నేను హైదరాబాదులో, కుషాయిగూడలో, బియ్యం దుకాణం పైన రెండు గదుల ల్యాబులో పనిచేస్తున్నాను. నరహరి సార్ దాని యజమాని. యంత్రాలకు వినడం నేర్పడం మా పని. బాపు చెవి పూర్తిగా పోయేలోపు దాన్ని యంత్రంలోకి దించాలని నాకు పంతం పట్టింది. అనుమతులు తెచ్చుకుని, ఆయన రాడ్డుకు మైకు కట్టి, ఏడాదిన్నరపాటు ఆయన కొట్టిన ప్రతి దెబ్బనూ, చెప్పిన ప్రతి మాటనూ రికార్డు చేశాం. యాభై ఒక్క వేల దెబ్బలు. మా క్వార్టర్ పెరట్లో ఆయన పదకొండు రాతిబండలు పరిచి పెట్టుకున్నాడు, కొత్తగా పనిలో చేరినవాళ్ళకు నేర్పడానికి. కొన్ని గట్టివి, కొన్ని లోపల చీలినవి. సెలవు రోజుల్లో వాటిమీదా కొట్టించాను.

చివరికి ఆ చెవి ఒక పెన్‌డ్రైవ్‌లో ఇమిడింది. సబ్బుపెట్టెంత డబ్బాకు దాన్ని గుచ్చి, డబ్బాను నడుముకు తగిలించుకుని కప్పును కొడితే, పచ్చలైటో ఎర్రలైటో వెలుగుతుంది. చెవిలో పెట్టుకున్న చిన్న స్పీకర్లో బాపు గొంతు "ఉంటది" అనో "వస్తది" అనో చెబుతుంది. మొదటిసారి బాయిలో పరీక్షించిన రోజు మా అన్న సదయ్య దాన్ని చెవిలో పెట్టుకుని నవ్వాడు. ఇంట్లో మాట వినని కొడుకును బాయిలో పట్టుకున్నాడే బాపు, అన్నాడు.

తాళం సంగతి ఆ తర్వాత వచ్చింది.

అంతకుముందు మా ల్యాబు బోర్లు వేసేవాళ్ళకు నీటిజాడ చెప్పే ప్రోగ్రామొకటి మూడేళ్ళు కష్టపడి చేసింది. బయటికొచ్చిన ఐదో వారానికి దాని కాపీలు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి ఫుట్‌పాత్ మీద అమ్మారు. ఆరుగురు మనుషుల ల్యాబు ముగ్గురిదయింది. నరహరి సార్ ఆ ఏడాదంతా మధ్యాహ్నం డబ్బా తెచ్చుకునేవాడే కానీ మూత తీసేవాడు కాదు. బాపు చెవి సిద్ధమయ్యాక ఆయన నన్ను పిలిచి ఒక్కటే అడిగాడు. "స్వరూపా, దీన్ని కూడా ఎత్తుకుపోతే మనం తలుపులు మూసుకోవాలమ్మా. దీన్ని ఎవరూ కాపీ చెయ్యకూడదు. అవుతుందా?"

అయ్యే దారి బాపే చూపించాడు, తనకు తెలియకుండా. పెరట్లో ఒక బండను సుత్తితో రెండు చేసి, రెండు ముక్కల్నీ కొట్టి వినిపించాడు. "సూసినవా, ఒక్క తల్లి పిల్లలే. ఒక్కతీరు మోగవు."

చిప్పులూ అంతేనని నాకు బుర్రలో వెలిగింది. పెన్‌డ్రైవ్ లోపలి చిప్పులో కోట్లకొద్దీ చిన్న గదులుంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే కొన్ని గదులు కరెంటును గట్టిగా పట్టుకుంటాయి, కొన్ని కారుస్తాయి, కొన్ని ఆలస్యంగా పలుకుతాయి. ఆ పుట్టుమచ్చలు ఒక చిప్పువి ఇంకో చిప్పుకు ఉండవు. నేను ఒక్కో గదినీ మెల్లగా తట్టి, అదెలా పలుకుతుందో వినే పద్ధతి రాశాను. ఒక్క చిప్పును పూర్తిగా వినడానికి ఇరవై రోజులు పట్టేది. విన్నాక ఆ పుట్టుమచ్చల్నే బాపు చెవిలో పడుగూ పేకలా కలిపేశాను. ప్రోగ్రాం మొత్తాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించవచ్చు, అక్షరం పొల్లుపోదు. పుట్టుమచ్చలు మాత్రం రావు.

ఇక్కడిదాకా చేసింది ఎవరికైనా చెప్పుకోదగ్గ పనే. తర్వాతది వేరు.

పుట్టుమచ్చలు కలవనప్పుడు ప్రోగ్రాం ఏం చెయ్యాలి? ఆగిపోవాలి అన్నాడు నరహరి సార్. నేనే కాదన్నాను. ఆగిపోతే దొంగకు తాళం ఎక్కడుందో తెలిసిపోతుంది, కూర్చుని విప్పుకుంటాడు. ఆగకూడదు. నడవాలి. వాడు నాలుగుసార్లు, నలభైసార్లు పరీక్షించి, కాపీ అయిందని సంబరపడి, తన పేరు పెట్టుకుని అమ్ముకోవాలి. అప్పుడు మెల్లగా తప్పు చెప్పడం మొదలుపెట్టాలి. వాడి సరుకు వాడి పరువు తీయాలి.

"ఎన్ని దెబ్బల తర్వాత?" అని అడిగాడు సార్.

"రెండు వందలు. అంతకంటే ఎక్కువ ఎవరూ పరీక్షించరు."

రెండు వందల తర్వాత ఏడింటికొకటి చొప్పున జవాబు తిరగబడుతుంది. ఉంటది వస్తదవుతుంది, వస్తది ఉంటదవుతుంది. దానికి పదకొండు వరుసలు రాశాను. సార్ చదివి, చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, "దీన్ని బాయిలో ఎవరైనా వాడితేనో?" అన్నాడు. బాయికి మనమే అసలైనవి ఇస్తున్నాం, వాళ్ళకు కాపీ చేసుకునే ఖర్మేమిటి, అన్నాను. ఆయన సరేనన్నాడు. దాచుకోవడం దేనికి, ఆ సాయంత్రం నాకు చాలా గర్వంగా ఉండింది. బియ్యం దుకాణం పక్క బండి మీద మిర్చి బజ్జీలు తెప్పించి అందరికీ పెట్టాను.

తాళం సంగతి మేమిద్దరం ఎవరికీ చెప్పకూడదని ఒప్పందం. తెలిసిన తాళం తాళం కాదు. దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు బాపు రాడ్డుకు, డబ్బాకు, పెన్‌డ్రైవ్‌కు కూడా పసుపూ కుంకుమా పెట్టాడు. పెన్‌డ్రైవ్ మూతి దగ్గర కుంకుమ పడితే నేను గుడ్డతో తుడుస్తున్నాను. ఆయన పక్కన కూర్చుని అడిగాడు.

"దీన్ని కాపీ గొడ్తే ఏమైతది బిడ్డా?"

అప్పటికి ఆయనకు గట్టిగా చెబితేనే కొంత వినిపించేది. "పని చెయ్యదు బాపూ" అని అరిచాను. అరిచి చెప్పాల్సినప్పుడు మాటలు పొట్టివవుతాయి. పొట్టి మాటే చెప్పాను.

బాయిలో నాలుగు జాగల్లో పని నడిచేది. నాలుగింటికీ నాలుగు పెన్‌డ్రైవ్‌లు ఇచ్చాం. ఎనిమిది నెలల్లో పంతొమ్మిదిసార్లు "వస్తది" అని చెప్పి మనుషుల్ని వెనక్కి పంపాయి, అందులో పదిహేడుసార్లు కప్పు నిజంగానే వచ్చింది. పక్కూళ్ళ బాయిలవాళ్ళు బాపును చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఆయనకు వాళ్ళ మాటలు వినిపించేవి కావు కానీ ముఖాలు చూసి తల ఊపేవాడు.

వానలు పడేముందు ఐదో జాగ తెరిచారు. మా అన్నను అందులో వేశారు. కొత్త డబ్బా ఇచ్చారు. పెన్‌డ్రైవ్ మాత్రం నా బల్లమీద ఉంది, ఇంకా చిప్పును వింటూ. సదయ్య ఫోన్ చేశాడు.

"చెల్లె, మా జాగకు బాపు ఎప్పుడొస్తడు?"

"ఇంకో ఆరు రోజులన్నా. చిప్పును పూర్తిగా వినాలె."

"అక్కడ నాలుగు జాగలల్ల బాపున్నడు, మా జాగల లేడు. ఇక్కడ కప్పేమో తీరుతీర్ల మోగుతాంది. మా పని చూసే సర్దారు ఒకతీరు చెప్తడు, నేనొకతీరనుకుంట."

"ఆరు రోజులే అన్నా."

"సరే తీ. నువ్వు తిన్నవా?"

తిన్నానని చెప్పాను. అదే మా ఆఖరి మాట.

బాయిలో ఒక పద్ధతి ఉంది. లోపల ఎవరి టోపీలైటయినా ఆరిపోతే, వాణ్ణి చీకట్లో వదిలి ఎవరూ కదలరు. పక్కవాడు తన లైటు అతని కాళ్ళముందు వేసి నడిపిస్తాడు, ఇద్దరూ ఒకే వెలుగులో పైకొస్తారు. దీన్ని ఎవరూ సాయం అనరు, అడగరు కూడా. రెండో జాగ పెన్‌డ్రైవ్‌ను ఐదో జాగకోసం కాపీ కొట్టడం వాళ్ళకు ఆ లైటు వెయ్యడంలాంటిదే. రెండో జాగవాళ్ళు డ్యూటీ దిగి పెన్‌డ్రైవ్ తెచ్చి బాపు చేతిలో పెట్టారు. బాపు దాన్ని జేబులో వేసుకుని, బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు తానే నడిచి వెళ్ళాడు. షాపువాడు రెండు నిమిషాల్లో ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు.

బాపు దాన్ని ఊరికే అన్న చేతిలో పెట్టలేదు. కొత్త రాడ్డు వచ్చినా, కొత్త మనిషి వచ్చినా ముప్పై దెబ్బలు కొట్టించి చూడకుండా బాయిలోకి పంపడు. అది ఆయన లెక్క. పెరట్లో పదకొండు బండల మీద ముప్పై దెబ్బలు కొట్టాడు. చెవులు వినకపోయినా ఏ బండ గట్టిదో, ఏది చీలిందో ఆయనకు తెలుసు, లైటు రంగు కనిపిస్తుంది. ముప్పైకి ముప్పై సరిగ్గా చెప్పింది.

సోమవారం ఫస్ట్ షిఫ్టులో సదయ్య దాన్ని కట్టుకుని దిగాడు. గురువారం ఫస్ట్ షిఫ్టులో కప్పు వచ్చింది. మిగిలిన ఐదుగురు ఇంకా పది అడుగుల వెనక ఉన్నారు. కప్పును చూసేవాడు అందరికంటే ముందుండాలి కాబట్టి అన్న ముందున్నాడు.

నేను వెళ్ళేసరికి ఇంటిముందు జనం. దహనం, మూడో రోజు అన్నీ అయ్యాయి. వాటి గురించి నాకేమీ సరిగ్గా గుర్తులేదు. ఒక్కటి మాత్రం గుర్తుంది. వచ్చిన ప్రతి మనిషితోనూ బాపు అదే మాట అన్నాడు, వినపడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో. "నా చెవే తప్పు చెప్పింది. నా కొడుకును నేనే సంపుకున్న."

అప్పటికి కాపీ సంగతి నాకు తెలియదు. తాళం వెయ్యకముందు పరీక్షలకు వాడిన పాత పెన్‌డ్రైవేదో సర్దారు ఇచ్చి ఉంటాడనుకున్నాను. విచారణాధికారి డబ్బాను మా ల్యాబుకు పంపించాడు, లోపలేముందో చదివిపెట్టమని. డబ్బా ప్రతి దెబ్బనూ వరుస సంఖ్య వేసి మోతతో సహా రికార్డు చేసుకుంటుంది. చదవడం మొదలుపెట్టాను. మొదటి ముప్పై దెబ్బలూ మా పెరటి బండలవి. పదకొండు బండల మోతా నాకు కంఠతా వచ్చు. వాటిని విన్న నిమిషానే, నేను పంపని పెన్‌డ్రైవ్‌ను బాపు పరీక్షించి ఇచ్చాడని, అంటే ఇది కాపీ అని అర్థమైంది. తర్వాత సోమవారానివి, మంగళవారానివి, బుధవారానివి. అన్నీ నిజమే చెప్పింది. గురువారం పొద్దున రెండు వందల ఏడో దెబ్బ. రాడ్డు కింద కప్పు డొల్లగా, స్పష్టంగా, నాలాంటిదానికి కూడా అనుమానం రానంత స్పష్టంగా పలికింది. బాపు గొంతు "ఉంటది" అంది.

రికార్డులో ఆ తర్వాత అన్న మాట చిన్నగా వినిపించింది. "ఉంటదట, రాండ్రి."

అన్న చెవికి కూడా అది డొల్లే అనిపించి ఉంటుంది. కానీ బాపు చెప్పాక తన చెవిని నమ్ముకునే కొడుకు కాదు.

నరహరి సార్ ఉత్తరం సిద్ధం చేయించాడు. అనుమతి లేని కాపీ వాడడంవల్ల జరిగిన ప్రమాదానికి తయారీదారుకు బాధ్యత లేదు అని. ఆయన చెడ్డవాడు కాడు. ఆ కాగితం నా ముందు పెట్టేటప్పుడు నా ముఖం చూడలేకపోయాడు. "ఇది అబద్ధం కాదు కదమ్మా" అన్నాడు.

"కాదు సార్. ఇందులో ఒక్క అబద్ధం లేదు."

"మరి సంతకం..."

"కాపీ పనిచేయదని మా బాపుకు చెప్పాను సార్. అది పనిచేసింది. అబద్ధం అక్కడుంది."

నేను వేరే ఉత్తరం రాశాను. పుట్టుమచ్చల సంగతి, పదకొండు వరుసల సంగతి, అవి ఎవరు రాశారో, రెండు వందలన్న లెక్క ఎవరు చెప్పారో అన్నీ తెలుగులో రాశాను, ఇంగ్లీషులో ఇంకోటి. విచారణాధికారికి పంపాక, నాలుగు జాగల పెన్‌డ్రైవ్‌లనూ, మా ల్యాబులో ఉన్నవాటినీ తీసుకెళ్ళి సీలువేసి బీరువాలో పెట్టారు. తాళం తీసేసి మళ్ళీ ఇస్తానని అడిగాను. బాయిలో వాళ్ళే వద్దన్నారు. ఒకసారి అబద్ధం చెప్పిన గొంతును చెవిలో పెట్టుకుని కప్పు కింద నిలబడడం ఎవరివల్లా కాదన్నారు. వాళ్ళను తప్పు పట్టలేను. బాపు చెవులు ఇప్పుడు పూర్తిగా పోయాయి. ఆయన చెవి ఇప్పుడు ఆ బీరువాలో తప్ప ఇంకెక్కడా లేదు.

తెలుగు ఉత్తరం పట్టుకుని ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం. బాపు పెరట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే పదకొండు బండలు, వాటిమధ్య గడ్డి మొలిచింది. నేను గేటు రేకు తెరిచి వచ్చినా, స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చినా ఆయన దేన్నీ కొట్టి చూడలేదు. అన్న పోయాక ఆ అలవాటు పోయిందని రజిత వదినె ముందే ఫోన్లో చెప్పింది.

ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. అరిచి చెప్పగలిగే సంగతి కాదది. బాపు ఒకప్పుడు యూనియన్ ఆఫీసులో అక్షరాలు నేర్చుకున్నాడు. వరుసకింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, మెల్లగా చదువుతాడు. రెండు పేజీలకు ముప్పావు గంట పట్టింది. మధ్యలో ఒకచోట వేలు ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ అదే వరుస చదివాడు. నేను మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాను. కాళ్ళమీద పడాలనిపించింది, పడితే ఆయన లేవనెత్తుతాడని భయమేసి పడలేదు.

చదవడం అయ్యాక అడిగాడు, "ఎన్ని దెబ్బలదాక నిజం చెప్తది?"

కాగితంలో ఉంది. అయినా నా నోటితో చెప్పాలనుకున్నాడేమో. నేల మట్టిలో వేలితో రెండు రాసి, పక్కన రెండు సున్నాలు పెట్టాను.

"నేను ముప్పై కొట్టిన" అన్నాడు. మట్టిలో ఆ అంకెల మీద వేలు పెట్టాడు. "మిగిలినయి నూట డెబ్బై. అయి సదయ్య కొట్టుకున్నడు."

నేను తల ఊపాను.

"అయితే నా చెవి తప్పు చెప్పలే."

లేదు బాపూ అన్నాను. ఆయనకు వినపడలేదు, పెదవులు చూశాడు. ఆయన ముఖంలో ఏదో బరువు దిగడం కనిపించింది. దిగి ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే, నా మీదికి వచ్చింది. రావాలి కూడా.

"కాపీ పని చెయ్యదని నువ్వే చెప్తివి గద బిడ్డా" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "గది చేసింది. ముప్పైకి ముప్పై చెప్పింది. నా బిడ్డ నాకోసం తాళం ఇడిసిపెట్టింది అనుకున్న. నా చెవే గదా, నాకు తాళమెందుకేస్తది అనుకున్న."

ఉత్తరాన్ని మడతలమీదే మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టాడు. వంటింటివైపు చూపించాడు.

"గిది రజితకు నువ్వే సదివి ఇనిపియ్యి."

వంటింట్లో వదినె పొయ్యిమీద గిన్నె దించుతోంది. నన్ను చూసి కొంగుతో చేతులు తుడుచుకుని, పీట జరిపి, కంచం పెట్టింది. "ఎప్పుడు తిన్నవో ఏమో, కూసో స్వరూపా" అంది. నేను కూర్చోకుండా కాగితం మడత విప్పాను.